దించే జాగా

మొన్న సంక్రాంతికి సకినాల పిండిలో వేద్దామని వాము అరచేతిలో పోసుకుని నలిపాను. అంతే, పిండి సంగతి మర్చిపోయాను. "ఏమైంది అత్తమ్మా, గట్ల నిలబడ్డరు?" అంది కోడలు. ఏం లేదమ్మా అన్నాను గానీ, ఆ వాసనకి నేను అప్పటికే ఒక చీకటి గదిలో, ఒక చెక్క బీరువా ముందు ఉన్నాను.

ఆ బీరువాకి మా మ్యూజియంలో వాము డబ్బా అని పేరు. మనిషంత ఎత్తు. తలుపుల అంచులకి గాలి పోకుండా రబ్బరు పట్టీ. లోపల అడుగున ఒక నలభై వాట్ల బల్బు, దాని మీద గాజు గిన్నెలో వాము పువ్వు (వాము నుంచి తీసే పలుకులు), ఆ పైన జల్లెడ లాంటి తీగల అరలు. బూజు పట్టిన కాగితాలు, పాత ఫర్మానాలు, నీటి రంగుల బొమ్మలు ఆ అరల మీద విడివిడిగా పరిచి తలుపు మూసేవాళ్లం. బల్బు వేడికి వాము పువ్వు ఆవిరై కాగితాల మధ్యకి చేరేది. రోజుకి రెండు మూడు గంటలు బల్బు వెలిగించడం, ఆర్పేసి అట్లాగే మూసి ఉంచడం. ఇలా వారం, పది రోజులు. తైలవర్ణ చిత్రాలని మాత్రం దాని దరిదాపులకి రానిచ్చేవాళ్లం కాదు, ఆ ఆవిరికి వార్నిష్ మెత్తబడిపోతుంది.

పుస్తకాల్లో దాని పేరు థైమాల్. ఇప్పుడు దాన్ని పక్కన పెట్టేశారు. పీల్చేవాళ్లకి మంచిది కాదని తేలింది. పైగా ఉన్న బూజుని చంపుతుందేమో గానీ, గదిలో తేమ తగ్గకపోతే కొత్త బూజు రాకుండా ఆపలేదు. అప్పుడు మాకివేవీ తెలీదు. ఆ వాసన చీరలకి పట్టించుకుని సాయంత్రం బస్సెక్కేవాళ్లం. "ఇంట్ల ఎవరికన్న కడుపునొప్పా అమ్మా?" అని ఒక కండక్టర్ అడగనే అడిగాడు.

నేను చేరింది 1988లో. మ్యూజియం పేరు రాయను. కొన్ని ఫిర్యాదులు కూడా ఉన్నాయి, పేరు లేకపోతేనే నాకు చెయ్యి ఆడుతుంది. హైదరాబాద్‌లో పాత బస్తీ వైపు ఒక చిన్న మ్యూజియం అనుకోండి. జనం చూసేది ముందు హాళ్లు. వాటి వెనక, తాళం వేసిన రెండు గదులు స్టోర్. గోడకి ఒక బొమ్మ వేలాడుతుంటే లోపల పది బొమ్మలు పడుకుని ఉండేవి. ఎంఏ చరిత్ర చదివాను కాబట్టి రిజిస్టర్లు రాసే ఉద్యోగం అనుకుని వెళ్లాను. నిజంగానే నా పోస్టు జూనియర్ అసిస్టెంట్. కానీ స్టోర్‌కి అసలు యజమాని అటెండర్. అందరం ఆయన్ని చాచా అనేవాళ్లం. డైరెక్టరు గారు కూడా.

మొదటి వారం చాచా నాతో ఒక్క బొమ్మ కూడా ముట్టించలేదు. ఖాళీ ఫ్రేము ఒకటి చేతికిచ్చి ఈ గదిలోంచి ఆ గదిలోకి తీసుకెళ్లమన్నాడు. నేను పైకర్ర పట్టుకుని లేపాను, గోడ మీద క్యాలెండర్ తీసినట్టు. "బొమ్మ బరువంత పైకీలు మీద పడ్డది. కీలూడితే?" అన్నాడు. ఒక చెయ్యి అడుగున, ఒక చెయ్యి పక్కన. బొమ్మ ముఖం మన వైపుకి. ఒక్కసారికి ఒక్కటే. పెద్దదైతే ఇద్దరు, ఆ ఇద్దరిలో ఒక్కరే మాట్లాడాలి. ఎదురుగా ఇంకొకరు తలుపు తెరిచి పట్టుకోవాలి. ఇవన్నీ సరిగ్గా చేసి ఆ గదికి చేరాక చూస్తే, బల్ల నిండా రిజిస్టర్లు. ఫ్రేము పట్టుకుని అటూ ఇటూ చూస్తూ నిలబడ్డాను.

చాచా నవ్వలేదు. "దించే జాగా చూస్కున్నంకనే లేపాలె, బేటీ" అన్నాడు.

ఆ మాట ఆయన నాతో ఎన్ని వందల సార్లు అన్నాడో. తర్వాత శిక్షణలో, పుస్తకాల్లో ఇదే సూత్రం నాకు మళ్లీ మళ్లీ ఎదురైంది గానీ, చేతిలో ఖాళీ ఫ్రేముతో ఆ బల్ల ముందు నిలబడినప్పుడు తెలిసినంత బాగా ఎక్కడా తెలీలేదు.

రెండో వారం గాజుల గొడవ వచ్చింది. బొమ్మల దగ్గరికి ఉంగరం, వాచీ, జేబులో పెన్ను ఏవీ పనికిరావు. వంగినప్పుడు మెడలోది వేలాడి రంగుకి తగులుతుంది. పుస్తెలతాడు జాకెట్ లోపలికి దోపుకున్నాను. గాజులు? పెళ్లై ఏడాది కూడా కాలేదు, రెండు చేతులకీ డజను మట్టిగాజులు. ఇంట్లో చెబితే మా అత్తగారు, "బొమ్మల కోసం గాజులు తీసుడేంది, ముత్తైదువవి" అని అన్నం తినకుండా కూర్చుంది. మర్నాడు చాచాకి చెప్పాను. ఆయన ఏమీ అనకుండా ఇంటికెళ్లి, రెండు పాత బనీను చేతులు కత్తిరించి, ఉతికి తెచ్చిచ్చాడు. మణికట్టు నుంచి మోచేతి దాకా వాటిని తొడుక్కుని గాజులు కప్పేసేదాన్ని. మూడేళ్లు అవే నా యూనిఫాం.

గ్లౌజుల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. సినిమాల్లో తెల్ల గ్లౌజులు వేసుకుని పాత పుస్తకం తెరుస్తుంటారు కదా, చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నూలు గ్లౌజుతో కాగితం అంచు చేతికి తెలీదు, చిరుగుతుంది. గాజు సామాను, పింగాణీ అయితే జారిపోతాయి. కాగితానికి శుభ్రంగా కడిగి పొడిగా తుడుచుకున్న వట్టి చెయ్యే మేలు. గ్లౌజులు కావలసింది లోహాలకి, ఫోటోలకి. ఇత్తడి మీద, వెండి మీద మన వేలిముద్ర కొన్నాళ్లకి మరకై అట్లాగే కూర్చుంటుంది.

స్టోర్‌లో ప్రతి సోమవారం ఉదయం నా మొదటి పని తేమ యంత్రానికి కాగితం మార్చడం. దాన్లో ఒక డోలు వారానికి ఒక చుట్టు తిరిగేది. డోలుకి చుట్టిన గళ్ల కాగితం మీద రెండు సన్నటి కలాలు ఊదా సిరాతో గీతలు గీసేవి, ఒకటి వేడికి, ఒకటి తేమకి. తేమని కొలిచేది లోపల బిగించిన వెంట్రుకల కుచ్చు. తేమకి వెంట్రుక సాగుతుంది, పొడికి కుంచించుకుపోతుంది. దాన్ని చూసినప్పుడల్లా వానాకాలం నా జడ గుర్తొచ్చేది.

తేమ యాభై శాతం దగ్గర, అటూ ఇటూ అయిదు, అదీ మాకు నేర్పిన లెక్క. హైదరాబాద్ ఎండాకాలం ఇరవై అయిదుకి పడిపోయేది, శ్రావణంలో ఎనభైకి ఎక్కేది. నిజానికి ఆ ఎక్కడం, దిగడం మెల్లగా జరిగితే చెక్క, గుడ్డ, కాగితం ఎలాగోలా సర్దుకుంటాయి. పాత మందపాటి గోడలు ఆ పని చేస్తూనే ఉండేవి. మా కొంప ముంచింది ఏసీ. ఎవరో పెద్దలు వచ్చి స్టోర్‌కి ఏసీ శాంక్షన్ చేశారు. ఉదయం పదిన్నరకి వెయ్యడం, కరెంటు బిల్లు ఎక్కువవుతోందని సాయంత్రం అయిదుకి ఆపెయ్యడం. నున్నటి గీత కాస్తా రంపం పళ్లలాగా తయారైంది. రోజూ బొమ్మలు ఒకసారి బిగుసుకుని, ఒకసారి సడలేవి. ఆ కాగితాలు తీసుకెళ్లి ఆఫీసులో చూపిస్తే, "పొద్దంతా చల్లగానే ఉంటుంది కదమ్మా" అన్నారు. ఏసీ కన్నా ఏసీ లేకపోవడమే నయమని ఒప్పించడానికి నాకు రెండేళ్లు పట్టింది.

ఆడిట్ వాళ్లతో ఇంకో తమాషా. ప్రతి వస్తువు మీద నంబరు ఉండాలి, కానీ అది వస్తువుని పాడుచెయ్యకూడదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు చెరిగిపోవాలి. కాగితమైతే వెనక వైపు మెత్తటి పెన్సిల్‌తో. రాయి, కంచు అయితే కనబడని మూల చిన్న వార్నిష్ పూత, దాని మీద సిరాతో నంబరు, మళ్లీ పూత. ఆ పూతకి మేం రంగులేని నెయిల్ పాలిష్ వాడేవాళ్లం. "మ్యూజియానికి గోళ్ల రంగు దేనికి?" అని ఆడిట్ అభ్యంతరం రాసింది. జవాబు నేనే రాశాను, రెండు పేజీలు.

ఒక రోజు దక్కనీ సూక్ష్మచిత్రాల సొరుగు సర్దుతుంటే ఒక తోట బొమ్మ వెనక్కి తిప్పి చూశాను. ముందు వైపు చెట్లు ఎక్కడెక్కడ పచ్చగా ఉన్నాయో, వెనక సరిగ్గా అక్కడక్కడ కాగితం గోధుమ రంగులోకి మాడి ఉంది. ఒక ఆకు దగ్గరైతే బిస్కెట్‌లా విరిగి చిల్లు పడింది. "జంగాల్" అన్నాడు చాచా. రాగికి పట్టే చిలుము నుంచి చేసిన పచ్చరంగు. చిత్రకారుడు ఎంతో ముద్దుగా వేసిన చెట్టు, మూడు వందల ఏళ్లుగా తన కింది కాగితాన్ని తనే తింటోంది. దీనికి పూర్తి వైద్యం లేదు. వెనక నుంచి పలచటి జపాన్ కాగితం గోధుమ గంజితో అతికించి ఊతం ఇవ్వగలం. తేమ పెరగకుండా చూడగలం. అంతే.

ఇక నేను చేసిన తప్పు.

మాది జనగామ దగ్గర ఊరు, సాలెవాడ. నా చిన్నతనంలో రెండు మూడేళ్లకోసారి కూనపులి వాళ్లు వచ్చి మా కులపురాణం చెప్పేవారు, మార్కండేయుడి కథ, భావనా ఋషి కథ. పెట్రోమాక్స్ లైటు పక్కన వెదురు కర్రలకి, కథంతా గడులుగా బొమ్మలు రాసిన గుడ్డ పటం వేలాడదీసి, గడి గడిగా దించుతూ, కర్రతో చూపిస్తూ పాడేవారు. భావనా ఋషి పులినెక్కిన గడి వచ్చేదాకా నేను నిద్రపోయేదాన్ని కాదు. అది దాటగానే అవ్వ ఒళ్లో పడిపోయేదాన్ని. తెల్లారి అవ్వ వాళ్లకి బియ్యం, తెల్ల పంచె పెట్టేది.

స్టోర్ రిజిస్టర్‌లో ఒక రోజు ఆ పటం కనబడింది. అదే అని కాదు, అలాంటిదే. "పటం, గుడ్డ, చేర్యాల, పద్మశాలి పురాణం, 31 అడుగులు." అప్పటికి చేర్యాల వరంగల్ జిల్లాలోనే ఉండేది. పటం ఒక వెదురు కర్రకి బిగుతుగా చుట్టి, పాత ధోవతిలో కట్టి ఉంది. దాన్ని విప్పుదామని చాచాని పోరుపెట్టాను. "సలికాలం పోనీ" అన్నాడు. అప్పుడు డిసెంబరు. ఊదా గీత ముప్పై దగ్గరుంది.

చేర్యాల పటం ఎట్లా తయారవుతుందో తెలిస్తే ఆయన ఎందుకు ఆగమన్నాడో అర్థమవుతుంది. ఖాదీ గుడ్డకి బియ్యం గంజి, సుద్ద మట్టి, ఉడికించిన చింతగింజల అంబలి, జిగురు కలిపి పూతలు పూస్తారు. ఆరాక దాని మీద ఎర్రటి నేల, ఆ నేల మీద బొమ్మలు. అంటే గుడ్డ వంగుతుంది, పైనున్న సుద్ద వంగదు. బొమ్మ లోపలికి ఉండేట్టు చుడితే రంగు పొర నలిగి, ఒకదాన్నొకటి తోసుకుని పెచ్చులు లేస్తుంది. బొమ్మ బయటికి ఉండేట్టు చుడితే సన్నటి బీటలు విచ్చుకుంటాయి గానీ, పరిచినప్పుడు మళ్లీ మూసుకుంటాయి. కథ చెప్పేవాళ్లు బొమ్మ దాచుకోవడానికి లోపలికే చుడతారు. రోజూ విప్పి చుట్టే పటం కాబట్టి వాళ్లకది నడుస్తుంది. ఇది కనీసం పాతికేళ్లు విప్పని పటం, పొడి గాలిలో అప్పడంలా ఎండిన పటం.

శుక్రవారం మధ్యాహ్నం చాచా జుమ్మా నమాజుకి వెళ్లాడు. బల్ల ఖాళీ చేసుకున్నాను. దించే జాగా చూసుకున్నాననే అనుకున్నాను. ధోవతి విప్పాను. వినాయకుడు కనబడ్డాడు. చేతులు వణికాయి, ఆ ఎరుపు చూసి. రెండో గడి. మూడో గడి సగం విప్పేసరికి పులి తోక కనబడింది. ఇంక నన్ను నేను ఆపుకోలేకపోయాను. చర్రున ఒక జానెడు లాగాను.

చప్పుడు వచ్చింది. చిన్నది, ఎండుటాకు మీద కాలేసినట్టు. బల్ల మీద పరిచిన తెల్ల గుడ్డ నిండా కుంకుమ చల్లినట్టు పెచ్చులు.

చాచా తిరిగొచ్చేసరికి నేను కదలకుండా, ఆ చుట్టని రెండు చేతులతో పట్టుకుని నిలబడే ఉన్నాను. అరగంట. ఫ్యాన్ కూడా ఆపెయ్యలేదు, ఆపడానికి చెయ్యి ఖాళీ లేదు. ఆయనే ముందు ఫ్యాన్ ఆపాడు. రెండు ఇసుక సంచులు తెచ్చి చుట్టకి అటూ ఇటూ ఆనించి, "ఇప్పుడు ఇడువు" అన్నాడు. తిడతాడనుకున్నాను. బటర్ పేపర్ ముక్క చించి, సన్నటి మేకవెంట్రుకల బ్రష్షుతో పెచ్చులన్నీ ఒక్కటీ పోకుండా దాన్లోకి ఎత్తి, పచారీ కొట్టువాడిలా పొట్లం కట్టాడు. పెన్సిల్ నా చేతికిచ్చాడు. "రాయి. ఏ గడి, ఏ పక్క, తారీకు. విప్పినోళ్ల పేరు."

రాశాను. 28-12-1990. నా పేరు రాసేటప్పుడు కళ్లు కనబడలేదు. ఆయన దాన్ని పటంతో పాటే పెట్టెలో పెట్టాడు. ఆ తర్వాత దాని గురించి ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదనిపించేది.

ఆ తర్వాత ఆ పటాన్ని పూర్తిగా విప్పడానికి మూడు వారాలు పట్టింది. ప్లాస్టిక్ షీటుతో గుడారం లాగా కట్టి, అందులో తడి బ్లాటింగ్ పేపర్లు పటానికి తగలకుండా పెట్టి, తేమని రోజుకి కొంచెం కొంచెం పెంచాం. గుడ్డ మెత్తబడ్డాక రోజుకి ఒక అడుగు, రెండు అడుగులు. లేచిన ప్రతి పెచ్చు కిందకీ సన్నటి బ్రష్షుతో పలచటి జిగురు పంపించి, పైన సిలికాన్ కాగితం వేసి, వేలితో ఒత్తి, చిన్న బరువు. బూజు పడుతుందేమోనని రోజూ భూతద్దంతో వెతకడం.

మళ్లీ చుట్టడానికి వెదురు కర్ర కాదు, ఎనిమిది అంగుళాల పీవీసీ పైపు. చుట్ట ఎంత లావైతే పొరకి అంత తక్కువ వంపు. ఆమ్లం లేని కాగితం అప్పట్లో మాకు దొరికేది కాదు. నూలు గుడ్డ వెయ్యాలి. కొత్త నూలు గుడ్డకి గంజి ఉంటుంది, గంజి అంటే సిల్వర్‌ఫిష్ పురుగుకి, బొద్దింకకి విందు. అసలే పటం నిండా గంజి, చింతగింజలు. ఈ ఒక్క విషయంలో చాచాకి నేను నేర్పాను. సాలెవాళ్ల పిల్లకి గుడ్డలో గంజి తియ్యడం రాకపోతే ఎట్లా? ముప్పై అయిదు గజాల కోరా గుడ్డ ఇంటికి తెచ్చుకుని, రాత్రంతా నానబెట్టి, మరిగించి, ఏడు నీళ్లు మార్చి ఉతికాను. మా అత్తగారే పక్కన నిలబడి పిండింది. "ఎవలిదే గింత గుడ్డ?" అంటే, "భావనా ఋషిది" అన్నాను. ఆమె ఆ గుడ్డ కళ్లకద్దుకుంది. గాజుల గొడవ ఆ రోజుతో పోయింది.

1991లో లక్నో వెళ్లాను, ఆరు నెలల శిక్షణకి. సాంస్కృతిక సంపదని కాపాడే పరిశోధనశాల ఒకటి 1976 నుంచి అక్కడ ఉంది. చాచా చేతుల్లో చూసిన పనులన్నిటికీ కారణాలు అక్కడ దొరికాయి. తైలచిత్రానికి నూట యాభై, రెండు వందల లక్స్ వెలుతురు, నీటిరంగులకి, గుడ్డకి యాభై, అంతకు మించకూడదు. వెలుతురు చేసే నష్టం అప్పులాంటిది, కూడుతూనే ఉంటుంది, చీకట్లో పెట్టినంత మాత్రాన తగ్గదు.

ఒకరోజు క్లాసులో అజంతా వచ్చింది. 1920ల మొదట్లో నిజాం ప్రభుత్వం ఇటలీ నుంచి లొరెంజో చెక్కోని అనే నిపుణుణ్ని, ఆయనతో పాటు ఓర్సిని అనే ఆయన్నీ పిలిపించింది. గోడ నుంచి ఊడిపోతున్న గచ్చుని వాళ్లు నిలబెట్టారు, ఆ పుణ్యం వాళ్లదే. కానీ బొమ్మల మీద లక్క వార్నిష్ పూశారు. మన వడ్రంగులు కుర్చీలకి స్పిరిట్ పాలిష్ వేస్తారే, ఆ లక్కే. మొదట్లో రంగులు తళతళలాడాయి. ఏళ్లు గడిచేకొద్దీ ఆ పూత పసుపెక్కి, మసకబారి, బిగుసుకుని కింది రంగుని లాగడం మొదలుపెట్టింది. దాన్ని మెల్లమెల్లగా తియ్యడం తర్వాతి తరాల కెమిస్టులకి దశాబ్దాల పనైంది. "మీ నిజాం గారే కదా!" అని క్లాసంతా నా వైపు తిరిగింది, హైదరాబాద్ నుంచి వెళ్లింది నేనొక్కదాన్నే మరి. ఆ ఇటలీ వాళ్లు చెడ్డవాళ్లు కారు, సోమరులు కారు, ఆ కాలానికి మంచి పనివాళ్లు. అదే నన్ను భయపెట్టింది.

అక్కడే ఇంకో సంగతి తెలిసింది. చాచా అప్పుడప్పుడు దూది పుల్లని నాలుక మీద తడిపి తైలచిత్రం మీద మురికి తుడిచేవాడు. నాకు అసహ్యంగా ఉండేది. లక్నోలో సిగ్గుపడుతూ చెబితే, మా లెక్చరర్ గారు నవ్వి, "చాలామంది చేస్తారు, బయటికి చెప్పరు" అన్నారు. ఉమ్ములో ఉండే ఎంజైములు కొన్ని రకాల మురికిని నీళ్లకన్నా బాగా వదిలిస్తాయట. పోర్చుగల్ వాళ్లు దీన్ని ప్రయోగశాలలో తేల్చారు కూడా, ఆ పనికి 2018లో ఇగ్ నోబెల్ ఇచ్చారు, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే బహుమతి. ఆ వార్త పేపర్లో చూసినప్పుడు చెప్పుకుందామంటే చాచా లేడు.

లక్నో నుంచి వచ్చాక పటం మళ్లీ బల్ల మీదికొచ్చింది. ఒక ఎగ్జిబిషన్‌కి పెట్టాలన్నారు. ప్రతి గడిలోనూ మధ్యలో, ముఖ్యమైన బొమ్మ దగ్గర, రంగు అరిగి గుడ్డ కనబడుతోంది. కథ చెప్పేవాడి కర్ర ఏళ్ల తరబడి తగిలిన చోట్లవి. పై అంచంతా దీపం మసి. ఆ అరిగిన చోట్లు రంగుతో నింపి, మసి తుడిచి, కొత్తగా చెయ్యమని ఆఫీసు ఆర్డరు. నేను చెయ్యనన్నాను. ఉద్యోగంలో నేను చెయ్యనన్నది అదొక్కసారే. పులి ముఖం దగ్గర అన్నిటికన్నా ఎక్కువ అరిగింది. నాలాంటి పిల్లలెంతమంది ఆ గడి కోసం మేలుకుని ఉంటారు, కథకుడు అక్కడ ఎంతసేపు ఆగి ఉంటాడు. అది నింపితే పులి మిగులుతుంది, ఆ రాత్రులు పోతాయి.

నా మాట గెలిపించుకోవడానికి చేర్యాల నుంచి పటాలు రాసే ఒక నకాషీ పెద్దాయన్ని పిలిపించాను. ఆయన పటమంతా శ్రద్ధగా చూశాడు. నా వాదన అంతా విన్నాడు. చివరికి, "ఇంత తిప్పలెందుకమ్మా? అరిగిన పటాన్ని మేం గంగల కలిపేస్తం. కొత్తది రాసిస్త" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. ఆయన లెక్కలో పటం అంటే కథ. గుడ్డ పోతే ఇంకో గుడ్డ. మా లెక్కలో ఈ గుడ్డ పోతే ఇంకోటి లేదు. చివరికి రెండూ చేశాం. ఎగ్జిబిషన్‌కి ఆయన చేత కొత్త పటం రాయించాం, పాతది తన మసితో, అరిగిన చోట్లతో చీకట్లోకి వెళ్లింది. జనం కొత్తదాని ముందు నిలబడి ఎంత బాగుందో అనుకున్నారు. బాగుంది కూడా.

చాచా రిటైరయ్యాక 2000 ఆగస్టు వానలొచ్చాయి. హైదరాబాద్ వాళ్లెవరికీ ఆ 24వ తేదీ చెప్పక్కర్లేదు, ఒక్కరోజులో ఇరవై నాలుగు సెంటీమీటర్లు. మా స్టోర్‌కి నీళ్లు కింద నుంచి రాలేదు, పైన గొట్టం మూసుకుపోయి గోడ వెంట దిగాయి. గొట్టంలో ఆకులు తియ్యమని జూన్‌లో రాసిన లెటరు ఆఫీసు ఫైలులో పొడిగా, భద్రంగా ఉంది. నేను మోకాళ్ల లోతు నీళ్లలో నడిచి వెళ్లేసరికి చాచా గేటు దగ్గర లుంగీ పైకి కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎవరూ పిలవలేదు.

అడుగు అర ఎప్పుడూ ఖాళీగా ఉంచాలనేది ఆయన నియమం. మేం దాన్ని పాటిస్తూనే ఉన్నాం కాబట్టి తైలచిత్రాలు బతికాయి. తడిసింది ప్రింట్ల అర, అచ్చు దేవుడి బొమ్మలు, ఫోటోలు, దాదాపు రెండు వందలు. 1966లో ఫ్లోరెన్స్ వరదలప్పుడు ప్రపంచం నేర్చుకున్న పాఠాలన్నీ లక్నోలో మాకు చెప్పారు. తడిసిన కాగితానికి గడువు నలభై ఎనిమిది గంటలు, ఆ తర్వాత బూజుది రాజ్యం. ఎండలో పెట్టకూడదు. తడి కాగితాన్ని అంచు పట్టి లేపకూడదు, దాని బరువుకి అదే చిరుగుతుంది. కిందికి ఏదైనా దూర్చి, దానితో పాటు లేపాలి. నైలాన్ నెట్ కావాలి. షాపులన్నీ మూత. మా ఇంటి దోమతెర కత్తిరించి తెచ్చాను.

ఇద్దరం దోమతెర ముక్క చెరో పక్క పట్టుకుని, ఒక్కో బొమ్మని నీళ్లలోంచి లేపి, బ్లాటింగ్ పేపర్ మీదికి దించాం. మొదట గంటకోసారి, తర్వాత మూడు గంటలకోసారి బ్లాటింగ్ మార్చడం. బల్లలు అయిపోయాయి, గ్యాలరీ నేల మీద పరిచాం. ఫ్యాన్లు గోడ వైపు తిప్పి పెట్టాం, గాలి నేరుగా తగలకుండా. గాజుకి అంటుకుపోయిన ఫోటోల్ని గాజుతోనే వదిలేశాం, పీకితే ముఖాలు గాజుకే ఉండిపోతాయి. రెండో రాత్రి చాచా లేపుదామని వంగి, ఆగి, నా వైపు చూశాడు. దించే జాగా లేదు. నేను పరుగెత్తుకెళ్లి డైరెక్టరు గారి బల్ల మీది ఫైళ్లన్నీ నేల మీద దింపేశాను.

పదకొండు బొమ్మలు పోయాయి. ఆ పదకొండింటి నంబర్లూ నాకు నోటికి వచ్చు.

2020లో రిటైరయ్యాను. పోయిన నెల ఇప్పటి కన్జర్వేటర్ అమ్మాయి ఫోన్ చేసింది. "మేడమ్, పటం విప్పుతున్నాం. ఒకసారి వస్తారా?" స్టోర్ గుర్తుపట్టలేనంత మారింది. వాము డబ్బా లేదు. పురుగు పట్టిన గుడ్డలకి ఇప్పుడు మందు పెట్టరు, ప్లాస్టిక్ సంచిలో మూసి ఫ్రీజర్లో పెడతారు. డోలు లేదు, వెంట్రుకలు లేవు, అగ్గిపెట్టంత డబ్బా తేమ లెక్కలు ఫోన్‌కి పంపిస్తుంది. పీవీసీ పైపు మార్చారు, మా కోరా గుడ్డ మాత్రం ఉంచారు. పరీక్ష చేయించారట, గంజి లేదట.

అమ్మాయి పెట్టెలోంచి పొట్లం తీసింది. బటర్ పేపర్ పసుపెక్కింది. పెన్సిల్ రాత మాత్రం చెక్కుచెదరలేదు.

"విప్పినది అని పేరుంది. మీరేనా మేడమ్?"

"నేనే."

"ఫోటోలు పెద్దవి చేసి చూశాం. అన్నీ కాదు గానీ నాలుగు పెచ్చులకి చోటు దొరికింది. మూడో గడి, పులి తోక పక్కన." తెరమీద చూపించింది. ఒక్కొక్క పెచ్చు అంచూ, పటం మీద ఖాళీ అంచూ, సరిగ్గా సరిపోతున్నాయి. "మీరుంటే బాగుంటుందని ఆగాను."

బల్ల ముందే ఖాళీ చేసి ఉంది. భూతద్దం, జిగురు, సన్నటి బ్రష్షు, ఇసుక సంచులు అన్నీ చేతికందేలా ఉన్నాయి. నా కోసం రెండో కుర్చీ కూడా వేసి ఉంది. ఆమె లేచి వెళ్లి ఫ్యాన్ ఆపింది. నేను గాజులు తీసి హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకున్నాను.